పన్నెండెకరాలు, అరవై ఆరు సెంట్లు: వారసత్వ పన్ను గురించి ఒక ప్రసంగం

(సంక్రాంతి సెలవుల్లో కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకులొకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం అండి. మూడు రోజులు పండగ చేసుకుని, ముక్కనుమ నాడు మధ్యాహ్నం పూట పన్నుల మీద ప్రసంగం వినడానికి వచ్చారంటే మీకు నా మీద అభిమానమైనా ఉండాలి, ఇంట్లో పంపకాల గొడవైనా నడుస్తుండాలి. నవ్వుతున్నారు. నవ్వినవాళ్ళందరూ రెండో రకమే అని నాకు తెలుసు. పందాల దగ్గర్నుంచి నేరుగా వచ్చినవాళ్ళు వెనక బల్లల మీద కూర్చోండి. నిద్రొస్తే పడుకోండి, నేనేం అనుకోను.

సంక్రాంతికి మన ఇళ్ళల్లో రెండే పనులండీ. ఒకటి అరిసెలు, రెండు ఆస్తులు. హైదరాబాదు నుంచి తమ్ముడొస్తాడు, బెంగళూరు నుంచి అన్న కొడుకొస్తాడు. మళ్ళీ అందరూ ఒకచోట దొరికేది ఏడాదికే. భోగి నాడు ఎవరూ ఎత్తరు. కనుమ నాడు గారెలు తిన్నాక ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. "ఆ కాలవగట్టు చెక్క సంగతి ఏం చేద్దాంరా?" అంటారు. అంతే, ఇక ఆ రాత్రి నిద్రుండదు. నేను మాట్లాడబోయేది ఆ చెక్క గురించే, అంటే ఆ పొలం ముక్క గురించే. ఆ చెక్క మీద ప్రభుత్వం కూడా ఒక చెయ్యి వేస్తే ఏమవుతుంది? ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం తగ్గుతుందా, పెరుగుతుందా? ఇదీ ఇవాళ్టి ప్రశ్న.

ముందు మా ఇంటి సంగతి చెప్పనివ్వండి. 1970లో మా తాత పోయాడు. పెద్దకర్మ అయిన నెలకి పంపకాలు పెట్టారు. పన్నెండెకరాల మాగాణి, ఒక కొబ్బరితోట. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు, కరణం గారు కాగితాలు పట్టుకొచ్చారు. పొలంలో గొలుసు లాగి కొలిచారు. గొలుసు ఒక కొస కరణం గారి మనిషి పట్టుకున్నాడు, రెండో కొస మా పాలేరు పట్టుకున్నాడు. ఆ పాలేరుని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను ఆయన దగ్గరికి.

మూడు చెక్కలు తేల్చాక మూడు చీట్లు చుట్టి ఇత్తడి చెంబులో వేశారు. చీటీ తియ్యడానికి కల్లాకపటం తెలియని పిల్లాడు కావాలి గదా. ఆ పిల్లాణ్ణి నేనే. ఎనిమిదేళ్ళు. మా నాన్నకి కాలవ కింద చెక్క వచ్చింది. ఆ రాత్రి మా అమ్మ నాకు బెల్లం ముక్క ఒకటి ఎక్కువ పెట్టింది, అంటే కల్లాకపటం ఆ రోజు నుంచే నేర్చుకున్నానన్నమాట. తర్వాత కొబ్బరిచెట్లకి సున్నం బొట్లు పెట్టి లెక్కపెట్టారు. గట్టు మీద ఒక చెట్టుంది. అది ఎవరిది? దాని మీద సాయంత్రం దాకా పంచాయితీ జరిగి, చివరికి ఒక దింపు, అంటే ఒకసారి దింపిన కాయలు, మా నాన్నకి, తర్వాతి దింపు మా చిన్నాన్నకి అని తేల్చారు. ఒక్క చెట్టుకి అంత న్యాయం చేసిన పెద్దమనుషులు, గుమ్మంలో నిలబడ్డ మా మేనత్త వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చెంబులో ఆవిడ పేరు మీద చీటీ లేదు. ఎవరూ అడగలేదు. ఆవిడా అడగలేదు.

ఇప్పుడు బోర్డు మీద లెక్క చూడండి. 12 ఎకరాలు. ముగ్గురు కొడుకులు, తలా 4. మా నాన్నకి మేం ముగ్గురం మగపిల్లలం, తలా ఎకరం 33 సెంట్లు. నాకు ఇద్దరు పిల్లలు. రేపు తలా 66 సెంట్లు. మా ఇంటి నుంచి ప్రభుత్వం ఒక్క సెంటు తీసుకోలేదు. ఏ పన్నూ లేకుండానే మూడు తరాల్లో పన్నెండెకరాలు అరవై ఆరు సెంట్లయింది. ఇక్కడ కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఇదే లెక్క, అంకెలు వేరు, అంతే. మరి ఇంత బాగా కరిగిపోతోంటే ఇంకా పన్నెందుకండీ, అదే సమానం అయిపోతుంది గదా అని అడగొచ్చు మీరు.

అడగండి. కానీ పొలం ముక్కలైనట్టు ఫ్యాక్టరీ ముక్కలవుతుందా? పొలాన్ని ముగ్గురికి పంచితే మధ్యలో రెండు గట్లు లేస్తాయి. ట్రాక్టరు తిరగదు, బోదె పోవడానికి దారుండదు, ముక్క చిన్నదయ్యేకొద్దీ విలువా తగ్గుతుంది. కంపెనీ వాటాలు ముగ్గురికి పంచితే ఫ్యాక్టరీ మధ్యలో ఎవడైనా గట్టు వేస్తాడా? మిషను మిషన్లాగే తిరుగుతుంది, లాభం లాభంలాగే వస్తుంది. ఆస్తిని ఒక మనిషి పేరు మీద కాకుండా, కుటుంబం కోసం దాన్ని చూసుకునే ట్రస్టులో పెట్టారనుకోండి, అప్పుడు చీట్లే అక్కర్లేదు. మనిషికి చావుంది, ట్రస్టుకి లేదు. మన ఆస్తి పంచితే కరుగుతుంది, వాళ్ళ ఆస్తి పంచినా కరగదు. మొత్తం ప్రసంగంలో ఈ ఒక్క మాట గుర్తున్నా చాలు నాకు. ప్రపంచ అసమానతల ప్రయోగశాల అనే పరిశోధన సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం 2022-23 నాటికి ఈ దేశ సంపదలో 40.1 శాతం పైనున్న 1 శాతం మంది చేతిలో ఉంది. ఆ ఒక్క శాతంలో కాలవగట్టు చెక్కలు ఎన్నుంటాయంటారు?

సరే, పన్ను సంగతికి వద్దాం. ఇక్కడ అర్థశాస్త్రం ఒక తమాషా చేస్తుంది, కాస్త నెమ్మదిగా వినండి. వారసత్వం అసమానతను పెంచుతుందని మనందరి నమ్మకం. స్వీడన్‌లో ఎవరు పోయారు, ఎవరికెంత వచ్చింది అన్నది మొత్తం రిజిస్టర్లలో ఉంటుంది. పరిశోధకులు ఆ రిజిస్టర్లు పట్టుకుని లెక్క కడితే ఏం తేలిందో తెలుసా? వారసత్వం వచ్చిన వెంటనే అసమానత తగ్గింది! తగ్గడమేంటండీ అంటారా?

ఇద్దరు మనుషుల్ని తీసుకుందాం. ఒకడి సొంత ఆస్తి 10 లక్షలు. ఇంకొకడిది 10 కోట్లు. రెండోవాడు మొదటివాడికి వంద రెట్లు. మొదటివాడికి తండ్రి నుంచి 20 లక్షలు వచ్చాయి, మొత్తం 30 లక్షలు. రెండోవాడికి 5 కోట్లు వచ్చాయి, మొత్తం 15 కోట్లు. ఇప్పుడు ఎన్ని రెట్లు? యాభై. వందల్లా యాభైకి దిగింది. చిన్నవాడికి వచ్చింది చిన్నదే అయినా, వాడి ఆస్తితో పోలిస్తే అది పెద్దది. కానీ ఇద్దరి మధ్య తేడా రూపాయల్లో చూడండి. మొదట 9 కోట్ల 90 లక్షలు ఉండేది, ఇప్పుడు 14 కోట్ల 70 లక్షలు. రెట్లు తగ్గాయి, దూరం పెరిగింది. రెండూ నిజమే. టీవీలో అరుచుకునేవాళ్ళిద్దరూ చెరొకటి పట్టుకుంటారు.

పదేళ్ళు ఆగి చూడండి. మన 20 లక్షలాయన ఏం చేస్తాడు? అమ్మాయి పెళ్ళి. అబ్బాయి ఇంజినీరింగు ఫీజు. పాత అప్పు. ఒక గది మీద స్లాబు. అయిపోయింది. 5 కోట్లాయన? ఆయనకి ఖర్చుల కోసం ఆ 5 కోట్లు ముట్టుకోవలసిన పని లేదు, అదక్కడే ఉండి పిల్లలు పెడుతుంది. స్వీడన్‌లోనే తర్వాత జరిగిన మరో పరిశోధనలో ఇదే తేలింది. మొదట తగ్గిన అసమానత పదేళ్ళ లోపే తిరగబడింది. చిన్నవాళ్ళు ఖర్చు పెట్టేసుకున్నారు, పెద్దవాళ్ళు నిలబెట్టుకున్నారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు మనవాళ్ళు. సామెత మంచిదే కానీ, కొండ మరీ పెద్దదైతే కూర్చుని తిన్నా కరగదండీ. తిన్నదానికన్నా పెరిగేది ఎక్కువుంటుంది.

ఇప్పుడు పన్ను ఎక్కడ వెయ్యాలో మీకే తెలుస్తోంది గదా. చిన్నవాడి 20 లక్షల మీద వేస్తే, వాడు పైకి రావడానికి దొరికిన ఒక్క నిచ్చెన లాగేసినట్టు. అందుకే అందరి మీదా పడే వారసత్వ పన్ను అసమానతను పెంచను కూడా పెంచగలదు. మొదటి పరిశోధనలోనే ఇంకో ముక్క ఉంది. పన్ను వసూలు ఒక్కటే చూస్తే అసమానత తగ్గలేదు, కొద్దిగా పెరిగింది. ఆ డబ్బు లేనివాళ్ళకి తిరిగి పంచినట్టు లెక్క వేస్తే అప్పుడు తగ్గింది. వసూలు సగం పనే. ఎవరికి ఖర్చు పెట్టారన్నది మిగతా సగం.

మనకీ ఈ పన్ను ఉండేది, కుర్రాళ్ళకి తెలియదు. ఎస్టేట్ డ్యూటీ. 1953లో, చింతామణి దేశ్‌ముఖ్ ఆర్థికమంత్రిగా ఉండగా వచ్చింది. మనిషి పోయాక ఆస్తి విలువ కట్టి దాని మీద వేసేవారు, జనం చావు పన్ను అనేవారు. ఒక దశలో పై రేటు 85 శాతం! భయపడకండి, మొత్తం ఆస్తి మీద కాదు, 20 లక్షలు దాటిన ముక్క మీద. ఆ రోజుల్లో 20 లక్షలంటే మన తాలూకాలో ఎవరికుండేవి చెప్పండి. 85 శాతం అన్నాక ఖజానాలు నిండిపోయి ఉండాలి గదా? 1985 బడ్జెట్లో అప్పటి ఆర్థికమంత్రి వి.పి. సింగ్ గారు దాన్ని ఎత్తేస్తూ చెప్పిన కారణం ఏమిటంటే, ఏడాదికి వచ్చేది సుమారు 20 కోట్లు, వసూలు ఖర్చు చూస్తే ఎక్కువ. దేశం మొత్తానికి 20 కోట్లండీ! సంపద వ్యత్యాసం తగ్గించడం, రాష్ట్రాలకి డబ్బు సమకూర్చడం, ఈ రెండిటి కోసం తెచ్చాం, రెండూ జరగలేదన్నారు. ఒకే ఆస్తి మీద బతికుండగా సంపద పన్ను, పోయాక ఎస్టేట్ డ్యూటీ, రెండు చట్టాల కింద జనానికి వేధింపు అన్నారు. అందులో అబద్ధం లేదు. పెద్దవాడు బతికుండగానే పంచేసి, ట్రస్టుల్లో పెట్టేసి తప్పుకునేవాడు. దొరికేది ఎవడు? ఆడిటరు లేనివాడు, అకస్మాత్తుగా పోయినవాడు. పన్ను చెడ్డదా, పన్ను కట్టిన తీరు చెడ్డదా అని ఆ రోజు ఎవరూ అడగలేదు. గేదె తన్నిందని పాలే మానేశారు.

తర్వాత మిగతా తలుపులూ ఒక్కొక్కటే మూసేశారు. దానాల మీద గిఫ్ట్ టాక్సు 1998లో పోయింది. సంపద పన్ను 2015లో పోయింది. ఇవాళ చట్టం ఎలా ఉందంటే, నాకు పరాయివాడెవరైనా ఏడాదిలో 50 వేలు దాటి ఇస్తే అది నా ఆదాయం, పన్ను కట్టాలి. లాటరీ తగిలితే 30 శాతం. తండ్రి కొడుక్కి వెయ్యి కోట్లు రాసిస్తే ఆదాయపు పన్ను సున్నా. నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ప్రతి ఫిబ్రవరిలో జీతంలోంచి పన్ను కోసుకునేవారు. ఆ ఫిబ్రవరి జీతం ఎలా ఉంటుందో ఇక్కడున్న మాస్టర్లని అడగండి. కష్టపడి సంపాదిస్తే పన్ను, పుట్టి సంపాదిస్తే లేదు. 1985లో అది తీసేసినందువల్లే ఇంత అసమానత వచ్చిందని మాత్రం నేననను. అలా అంటే నా విద్యార్థులే నన్ను ఫెయిల్ చేస్తారు. 20 కోట్ల పన్ను ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు.

మరి మళ్ళీ తేవాలా? 2024 ఎన్నికలప్పుడు ఈ మాట వచ్చింది, నెల రోజులు గోల. మా వీధిలో ఎకరంన్నర ఉన్నాయన నా దగ్గరికి వచ్చి "మాస్టారూ, సగం పొలం లాక్కుంటారంట గదా" అన్నాడు. ఆయన భయం వట్టిదని నేను కొట్టిపారెయ్యను. ఎందుకో లెక్క చూపిస్తాను. ఎకరం ఎంతుందిప్పుడు? ఏవండీ, మీరే చెప్పండి. యాభై లక్షలా? సరే, యాభై వేసుకుందాం. కౌలు? రెండు పంటలకీ కలిపి ముప్పై బస్తాలనుకుందాం. 2025-26లో మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369. 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. ముప్పై బస్తాలకి 53 వేల చిల్లర. 50 లక్షల ఆస్తి మీద ఏడాది ఆదాయం ఒక్క శాతం! ఈ మనిషిని 50 లక్షల మీద పన్ను కట్టమంటే ఎలా కడతాడు? పొలం అమ్మాలి. కాగితం మీద ధనికుడు, జేబులో బీదవాడు.

ఇంగ్లండులో ఇదే జరిగింది. అక్కడ వారసత్వ పన్ను 40 శాతం, వ్యవసాయ భూములకి పెద్ద మినహాయింపు ఉండేది. 2024లో ఆ మినహాయింపుని 10 లక్షల పౌండ్లకి పరిమితం చేస్తామన్నారు, దాటిన దాని మీద సగం రేటు. రైతులు ట్రాక్టర్లేసుకుని లండన్ వెళ్ళిపోయారు. 2025 డిసెంబరులో పరిమితి 25 లక్షల పౌండ్లకి పెంచారు. రైతుల బాధ నిజం. అయితే ఇంకో నిజం కూడా ఉంది. పన్ను తప్పించుకోవడానికే పొలాలు కొన్న కోటీశ్వరులు అదే ట్రాక్టర్ల వెనక దాక్కున్నారు. మన దగ్గర అలా జరగదంటారా? వ్యవసాయ ఆదాయం పేరు మీద ఎవరెవరు ఏం చూపిస్తున్నారో మీకు నేను చెప్పాలా?

పొలం సంగతి అలా ఉంటే, కంపెనీ సంగతి చూడండి. కొరియాలో శాంసంగ్ పెద్దాయన 2020లో పోతే కుటుంబం 12 లక్షల కోట్ల వోన్లు పన్ను కడతామని ఒప్పుకుని ఐదేళ్ళ వాయిదాలు పెట్టుకుంది. కంపెనీ మూతపడలేదు, మీ చేతుల్లో ఫోన్లు పనిచేస్తూనే ఉన్నాయి.

కాబట్టి నా మాట ఇది, ఒప్పుకోకపోతే తిట్టండి. పరిమితి కోట్లలో ఉండాలి, పదుల కోట్లలో. ఎకరంన్నరాయన దరిదాపులకి రాకూడదు. మూడు వంతుల జనం ఆ ఫారం మొహమే చూడకూడదు. ట్రస్టులకి ముప్ఫై ఏళ్ళకోసారి చావొచ్చినట్టు లెక్క కట్టాలి. ఇంకో చిక్కుంది. రాజ్యాంగంలో వ్యవసాయ భూమి మీద వారసత్వ పన్ను రాష్ట్రాల జాబితాలో ఉంది, మిగతా ఆస్తి మీద కేంద్రం జాబితాలో ఉంది. ఏ రాష్ట్రమైనా ముందు పొలం మీద మొదలుపెట్టిందో, అది తలకిందుల పని. కరిగే ఆస్తిని పట్టుకుని కరగని ఆస్తిని వదిలేసినట్టు.

ఇక ఆ పాలేరు. గొలుసు రెండో కొస పట్టుకున్నాడని చెప్పాను గదా. మా పన్నెండెకరాలు అంగుళం తేడా రాకుండా కొలిచి ఇంటికెళ్ళాడు. ఆయన పోయాక ఆయన కొడుక్కి ఏం వచ్చింది? మా తాత దగ్గర చేసిన అప్పు వచ్చింది. అది తీరేదాకా ఆ కుర్రాడు మా చిన్నాన్న దగ్గర పాలేరుతనం చేశాడు. తండ్రి వదిలిన ఆస్తికి మించి తండ్రి అప్పు కొడుకు తీర్చక్కర్లేదని చట్టం. ఆ చట్టం మా అరుగు దాకా రాలేదు. పరిశోధన పత్రాల్లో ఆ ఇంటి దగ్గర సున్నా అని రాస్తారు. సున్నా కాదండీ, మైనస్. పన్ను డబ్బు ఆ కుర్రాడి పిల్లల చదువుకి వెళ్ళకపోతే పైవాడి దగ్గర ఎంత కోసినా వాడికి ఒరిగేదేమీ లేదు. మీరు కూర్చున్న ఈ గ్రంథాలయం చూడండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు, దాని మీద నడుస్తోందిది. ఆ కుర్రాడి మనవరాలు పోటీ పరీక్షలకి ఇక్కడే, ఆ కిటికీ పక్కనే కూర్చుని చదివింది. ఉద్యోగం ఏమిటో చెప్పను, పేరు బయటపడిపోతుంది.

చివరిగా 1985 గురించి ఇంకొక్క మాట. ఆ ఏడాది మార్చి 16 నుంచి ఎస్టేట్ డ్యూటీ పోయింది. అదే ఏడాది సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లకి పిత్రార్జితంలో పుట్టుకతోనే వాటా వచ్చింది. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణ అది, కేంద్రం అదే పని చెయ్యడానికి 2005 దాకా పట్టింది. రెండూ వారసత్వం గురించే. మొదటిది దేశంలో పెద్దిళ్ళని వదిలేసింది. రెండోది మన ఇళ్ళల్లోకి వచ్చింది. నన్నడిగితే డెల్టాలో అసమానతను ఎక్కువ తగ్గించింది రెండోదే. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది, ఆ తేదీకి ముందు పెళ్ళయిపోయిన ఆడపిల్లకి వర్తించదు. మా చెల్లి పెళ్ళి ఆ ఏడాది మే నెలలో. నాలుగు నెలల తేడా. 1996లో మా నాన్న ఉండగానే నాలుగెకరాలు మా ముగ్గురికీ పంచేశారు. చెల్లికి పసుపు కుంకుమ కింద ఇచ్చింది ఇచ్చేశాంగా అన్నారు పెద్దమనుషులు. ఈసారి నేను ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి కాదు. నేనూ ఏమీ అనలేదు.

నాన్న తన పేరు మీద అట్టిపెట్టుకున్న కొబ్బరితోట ఒకటుంది, 60 సెంట్లు. వీలునామా రాయకుండా పోయారు. చట్టప్రకారం నలుగురికీ సమానం, తలా 15 సెంట్లు. నిన్న కనుమ నాడు మా తమ్ముడు గొంతు సవరించుకుని, "తోట మొత్తం చెల్లికి రాసేద్దాంరా" అన్నాడు. మా అన్నయ్య ఏమీ అనకుండా లేచి వెళ్ళి చెట్లు లెక్కపెట్టొచ్చాడు. ముప్పై తొమ్మిదంట. సర్వేయరు ఎల్లుండి వస్తానన్నాడు. ఇప్పుడు గొలుసులు లేవు, రోవరని ఏదో మిషను తెస్తారు. గట్టు మీద చెట్టు ఇంకా కాస్తూనే ఉంది, దాని రెండో దింపు మా చిన్నాన్న కొడుకుదే. టీ వచ్చినట్టుంది. అడిగేవాళ్ళు అడగండి.